సంజ్ఞయు సత్యమును

తానెఱిగినదానిని ఎఱిగినట్లు చెప్పుటయే సత్యమని లోకము తలచుచున్నది. ఈ నిర్వచనము తప్పని మేమనము; చాలదని మాత్రము చెప్పుదుము. ఒకడు తన మనస్సులోని దానిని దాపరికము లేక చెప్పవచ్చును. అయినను, తాను వాడిన మాటకు వినువాడు వేఱొక యర్థము చేసికొని నష్టపోయినచో, ఆ నష్టములో పలికినవానికి భాగము లేదా? ఎదుట కూర్చున్నవాడైనచో సందేహము కలిగినపుడు అడిగి తెలిసికొనును. మనము చూడనివాడు, మన భాష రానివాడు, ఇంకను పుట్టనివాడు మన వ్రాతను చదివి, దానిని నమ్మి, దానిపై తన పనిని కట్టుకొనునపుడు, వానికి మనమీయవలసిన సత్యమేది? ఈ ప్రశ్నను గూర్చి నీతిగ్రంథములు చెప్పినది కొంచెము. సమాధానము వంటిది మాకు కనబడిన చోటు వేఱు. స్ఫటికశాస్త్రజ్ఞులు ముప్పదియేండ్లకు పైగా తమ శాస్త్రముకొఱకు కూర్చుకొనుచున్న నిఘంటువులలో అది కనబడినది.

"స్ఫటికములతో మాకేమి పని?" యని చదువరులలో గొందఱడుగవచ్చును. ఆ మాట మన యిండ్లకు క్రొత్తది కాదు. స్ఫటికమే పటికయై మురికినీటిని తేర్చుచున్నది. పటికబెల్లమై పిల్లల చేతికి వచ్చుచున్నది. వంటింటి ఉప్పుగల్లును భూతద్దముతో చూచినచో దాని ముఖములు చదరములై యుండుట ఎవరైనను గుర్తింపవచ్చును. లోపలి పరమాణువులు ఒక క్రమమున పేర్చబడియుండుటచేతనే వెలుపల ఆ యాకారము వచ్చినది. 1912వ సంవత్సరమున మ్యూనిక్ నగరమున లావే యను పండితుని యూహననుసరించి ఫ్రీడ్రిక్, క్నిప్పింగ్ అను నిరువురు మైలుతుత్తపు స్ఫటికముగుండ ఎక్సుకిరణములను పంపి, వెనుకనున్న ఛాయాచిత్రఫలకముపై చుక్కలు పడుట చూచిరి. మఱుసటి యేడు ఇంగ్లండులో బ్రాగ్ వంశపు తండ్రికొడుకులిరువురు ఆ చుక్కల లెక్కనుండి వెనుకకు నడచి, ఉప్పులోని పరమాణువులు ఎక్కడెక్కడ నున్నవో చెప్పగలిగిరి. 1915లో వారికి నోబెలు బహుమానము వచ్చునాటికి కుమారుని వయస్సు ఇరువదియైదేండ్లు. ఆ త్రోవనే పోయి డోరతీ హాడ్జ్‌కిన్ 1945లో పెనిసిలిన్ యొక్క నిర్మాణమును, 1969లో మధుమేహరోగులకు ప్రాణాధారమగు ఇన్సులిన్ నిర్మాణమును తెలిసికొనెను. క్రొత్తమందులు వెదకువారికి నేడు ఇట్టి నిర్మాణములే ఆధారము. ఒక యంకె తప్పినచో దాని ఫలము ఎవరి గుమ్మమునకు వచ్చి చేరునో ముందుగా చెప్పలేము.

ఒక స్ఫటికనిర్మాణమును కనుగొనినవాడు లోకమునకిచ్చునది యేమి? బొమ్మలు తరువాతివి; మొదట నిచ్చునవి అంకెలు. స్ఫటికమంతటను మఱల మఱల వచ్చు అతిసూక్ష్మమైన పెట్టె యొకటి గలదు. దాని మూడు అంచుల పొడవులు, మూడు కోణములు, అందలి ప్రతి పరమాణువు యొక్క స్థానము, కొలతలు తీసినప్పటి వేడిమి, వాడిన కిరణము, చూచిన చుక్కల సంఖ్య, ఊహించిన నిర్మాణమునకును చూచిన చుక్కలకును గల పొత్తు ఎంతయను లెక్క - ఇట్లు ఒక చిన్న యణువునకే వందలకొలది యంకెలు చేరును. పూర్వము వీనిని పత్రికలలో పట్టికలుగా నచ్చొత్తించెడివారు. కేంబ్రిడ్జిలో ఓల్గా కెన్నార్డు 1965లో స్థాపించిన దత్తాంశకేంద్రమువారు ఆ యచ్చుపట్టికలనుండి అంకెలను ఎత్తి కంప్యూటరున కెక్కింపవలసియుండెను. అమెరికాలోని బ్రూక్‌హావెన్‌లో 1971లో ఏడు ప్రోటీనుల నిర్మాణములతో మొదలైన నిక్షేపము ఎనుబది గడుల చిల్లుకార్డుల పద్ధతిని చేపట్టెను. ఆ కార్డుపై 31వ గడినుండి 38వ గడివఱకు నున్న యంకె పరమాణువు యొక్క మొదటి దిక్కు స్థానము. తరువాతి యెనిమిది గడులు రెండవ దిక్కు. ఆపై నెనిమిది మూడవది. అంకెకు పేరు లేదు, కూర్చున్న చోటే దాని పేరు. పంక్తిలో కూర్చుండబెట్టిన చోటునుబట్టి మనిషికి విలువ కట్టు మన పాతయాచారము మాకిచట జ్ఞప్తికి వచ్చుచున్నది. ఒక్క గడి జరిగినచో అర్థము మాఱిపోవును. మాఱినదని అంకె తానై మొఱపెట్టదు.

పేరులేని యంకె చేయగల యపకారమునకు ఒక యుదాహరణము చాలును. సూక్ష్మజీవుల పొరలలోనుండి పదార్థములను దాటించు ప్రోటీను నొకదానిని గూర్చి అమెరికాలోని యొక ప్రయోగశాలవారు 2001లో నిర్మాణమును ప్రకటించిరి. తరువాతి యేండ్లలో దానికి చుట్టములగు ప్రోటీనులను గూర్చి మఱికొన్ని వ్యాసములు వెలువడెను. వారి శ్రమ నిజము, కొలతలు నిజము, ఉద్దేశము నిర్మలము. ఎక్సుకిరణములు చిత్రించు ప్రతి చుక్కకును ఒక జంటచుక్క గలదు. ఈ రెంటి కాంతిలోని మిక్కిలి స్వల్పమైన భేదమునుబట్టి అణువు కుడివాటమా యెడమవాటమా యని నిశ్చయింతురు. ఆ ప్రయోగశాలలో వాడుకలోనున్న ఒక సొంత లెక్కల ప్రోగ్రాము ఆ జంటలోని రెండు నిలువువరుసలను తారుమాఱు చేసెను. అంతే! కుడి యెడమయైనది. 2006లో స్విట్జర్లాండు పండితులు అదే కుటుంబమునకు చెందిన మఱియొక ప్రోటీను నిర్మాణమును ప్రకటింపగా, రెండును పొసగకుండుట బయటపడెను. ఐదు వ్యాసములను ఉపసంహరించుకొనవలసి వచ్చెను. ఐదేండ్లపాటు ఆ నిర్మాణమును నమ్మి దానిపై పని చేసిన పరిశోధకులున్నారు. తమ ప్రయోగఫలములు దానితో పొసగనందున తమనే యనుమానించుకొనినవారును ఉన్నారు. ఇందులో అబద్ధమాడినవారెవరు? ఎవరును లేరు. అయినను లోకమున అబద్ధము నిలిచినది. సత్యమును మనస్సునకు మాత్రమే సంబంధించిన గుణముగా నెంచువారు ఈ సంగతిని ఆలోచింపవలెనని మా కోరిక.

ఇట్టి గందరగోళమునకు మందు వెదకుచు, పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయమునకు చెందిన సిడ్నీ హాల్, కేంబ్రిడ్జి కేంద్రమునకు చెందిన ఫ్రాంక్ అలెన్, కెనడావాడగు డేవిడ్ బ్రౌన్ అను మువ్వురు 1991లో ఒక పద్ధతిని ప్రకటించిరి. దానికి క్రిస్టలోగ్రాఫిక్ ఇన్ఫర్మేషన్ ఫైల్ అని పేరు. పొడియక్షరములు కలిపి సిఫ్ అందురు. అంతర్జాతీయ స్ఫటికశాస్త్ర సంఘము దానిని తనదిగా చేసికొనినది. పద్ధతి చూచుటకు మిక్కిలి సామాన్యము. ప్రతి యంకెకు ముందు దాని పేరు వ్రాయవలెను. పట్టికయైనచో నిలువువరుసల పేర్లన్నియు ముందు చెప్పి, తరువాత అంకెలు వ్రాయవలెను. వరుసలను ఏ క్రమమున వ్రాసినను చిక్కు లేదు. పేరు వెంట నుండును గదా. ఇంతవఱకు ఏ బుద్ధిమంతుడైన గుమాస్తాయైనను చేయును. దీనిలోని గొప్ప పేర్లను వ్రాయుటలో లేదు; ప్రతి పేరునకును అర్థము నిశ్చయించు నిఘంటువు వేఱుగా నుండుటలో నున్నది. ఆ నిఘంటువునందు లేని యర్థమున ఆ పేరును వాడు హక్కు ఎవ్వరికిని లేదు.

సంస్కృతవ్యాకరణము చదివినవారికి ఈ పద్ధతి పరాయిగా తోచదు. పాణిని తన యష్టాధ్యాయికి మొదటి సూత్రముననే వృద్ధియను సంజ్ఞ దేనికి చెల్లునో చెప్పి, ఆ వెనుక గ్రంథమంతటను ఆ మాటను ఆ యర్థముననే వాడెను. మన నైయాయికులు నిర్వచనమునకు మూడు దోషములు చెప్పిరి. ఆవు కపిలవర్ణము గలదన్నచో తెల్లయావు విడిచిపోవును, అది అవ్యాప్తి. కొమ్ములు గలదన్నచో గేదెయు వచ్చి చేరును, అది అతివ్యాప్తి. ఒంటిగిట్ట గలదన్నచో ఏ యావునకును చెల్లదు, అది అసంభవము. స్ఫటికనిఘంటువును కూర్చినవారు ఈ పేర్లెఱుగకున్నను పడిన పాటు మాత్రము ఇదియే. "వేడిమి" యను మాటనే చూడుడు. ఏ వేడిమి? గదిదా, స్ఫటికముదా? ఎప్పటిది? పెట్టె కొలతలు తీసినప్పటి వేడిమికి ఒక పేరును, చుక్కల కాంతిని కొలిచినప్పటి వేడిమికి మఱియొక పేరును నిఘంటువునందు గలవు. మొదటిదానికిచ్చిన వివరణమున, ఇది పదార్థమును తయారుచేసినప్పటి వేడిమి కాదని కూడ హెచ్చరించిరి. ఎవడో యట్లు పొరబడుననియే గదా ఆ హెచ్చరిక! చదువువాని పొరపాటును ముందుగానే యూహించి దారిలోని ముల్లును తీసివేయుట దయ యని మా యభిప్రాయము. నిఘంటుకారులను శుష్కపండితులని పరిహసించువారు ఈ దయను గుర్తింపరు.

కొలమానముల విషయమున వారు మొదట కొంత మొగమాటపడిరి. అంచుల పొడవును ఆంగ్‌స్ట్రాములలో, అనగా సెంటీమీటరులో పదికోట్లవ వంతులలో, చెప్పవలెనని నిర్ణయించియు, వేఱు కొలమానములయందభిమానము గలవారు పేరునకు చివర నొక తోకను తగిలించి తమ కొలతలో చెప్పుకొనవచ్చునని సెలవిచ్చిరి. ఈ సెలవు కొలది యేండ్లకే రద్దయ్యెను. వ్రాయువానికి గలిగిన సౌకర్యమునకు చదువు ప్రతివాడును, చదువు ప్రతి యంత్రమును వెల చెల్లింపవలసివచ్చుటయే కారణము. మన పల్లెలలో ఊరికొక కుంచము, ఇంటికొక మానిక చెల్లిన కాలమున కొలిచి యిచ్చువాడు మోసగాడు కాకపోవచ్చును. ఎవని కుంచము వానికి న్యాయమైనదే. నష్టము మాత్రము ఎల్లప్పుడును కొలిపించుకొనువానిదే. 1956 నాటి శాసనముచే దేశమంతటికిని ఒకే తూనిక, ఒకే కొలత ఏర్పడినప్పుడు దానిని బలవంతమని సణిగినవారు లేకపోలేదు.

ఇంతవఱకు చెప్పినది వివేకమునకు సంబంధించినది. ఇక ఈ పద్ధతిలో మమ్ము నిలువరించి ఆలోచింపజేసిన విషయమొకటి గలదు. సిఫ్ పత్రమున ఒక పేరునకెదుట విలువ వ్రాయుటకు లేనప్పుడు ఆ చోటు ఖాళీగా విడుచుటకు వీలులేదు. రెండు గుర్తులలో నొకదానిని వ్రాయవలెను. ప్రశ్నార్థకము వ్రాసినచో "విలువ యున్నది గాని నాకు తెలియదు" అని యర్థము. చుక్క పెట్టినచో ముఖ్యముగా "ఈ ప్రశ్న యిచట వర్తింపదు" అని యర్థము. పదార్థము కరగు వేడిమిని కొలువలేదనుకొందము, అది ప్రశ్నార్థకము. కిరణములు స్ఫటికములో నింకిపోవుటను గూర్చిన సవరణ అసలు చేయనే లేదు. ఆ సవరణ యొక్క హెచ్చుతగ్గుల విలువల చోట చుక్క. తెలియకుండుటయు, లేకుండుటయు వేఱు వేఱు సంగతులని తెలియనివారుందురా యని చదువరులు నవ్వవచ్చును. ఉన్నారు. మనమందఱము ఉన్నాము.

మా వృత్తిలో మార్కుల పట్టీలు నింపుట నిత్యకృత్యము. పరీక్షకు వచ్చి ఏమియు వ్రాయలేని బాలునికి సున్న. జ్వరముచే రాలేని బాలునికి గైరుహాజరు. ఆ భాష తీసికొననే తీసికొనని బాలునికి అడ్డగీత. ఈ మూడింటిని మూడు ఖాళీగడులుగా విడిచి, ఏడాది చివర కూడికలు వేసినచో ముగ్గురు బాలురును ఒకే తరగతి మందమతులుగా కనబడుదురు. దరఖాస్తు పత్రములలో "తండ్రి లేక భర్త పేరు" అను గడి యుండును. పెండ్లి వలదనుకొని ఒంటిగా జీవించుచున్న విద్యావతి ఒకతె యున్నది. భర్త యెక్కడ నున్నాడో తెలియక పిల్లలను పెంచుకొనుచున్న యిల్లాలొకతె యున్నది. పేరు చెప్పుట కిష్టములేని స్త్రీ వేఱొకతె యున్నది. ముగ్గురును ఆ గడిని ఖాళీగా విడిచినచో, గుమాస్తా ముగ్గురిని ఒకే చూపు చూచును. ఆ చూపు ఎట్టిదో మన యాడపడుచులకు తెలియును. "ఈ ప్రశ్న నాకు వర్తింపదు" అని గౌరవముతో చెప్పుటకు ఒక చుక్కంత చోటైనను మన పత్రములలో నుండవలదా? పరమాణువునకు దొరకిన మర్యాద మనుష్యునకు దొరకకపోవుట చింతింపదగినది.

అట్లని స్ఫటికశాస్త్రజ్ఞులందఱును సత్యసంధులైపోయిరని మేము చెప్పము. ఎక్కువమంది వాడు లెక్కల ప్రోగ్రాము ఒకటి, అడుగవలసిన పేర్లను వ్రాసి వాని యెదుట ప్రశ్నార్థకములను తానే యుంచి యిచ్చును. వానిని తీసి విలువలు నింపుట పరిశోధకుని పని. నింపక యట్లే విడిచినచో "నాకు తెలియదు" అను పవిత్రమైన మాట "నేను చూడలేదు" అను సోమరిమాటకు ముసుగగుచున్నది. దీనిని ఏ నిఘంటువును పసిగట్టజాలదు.

సందేహమును కూడ అంకెతోపాటు చెప్పు పద్ధతి ఈ శాస్త్రమున పాతది. సిఫ్ దానిని నిలుపుకొన్నది. 5.959 అను పొడవు ప్రక్కనే కుండలీకరణములలో 1 అని వ్రాసినచో, చివరి యంకెలో ఒకటి యంత యనిశ్చయము గలదని యర్థము. తనకు తెలిసినదెంతో చెప్పువాడు తనకు తెలియనిదెంతో కూడ అదే యూపిరిలో చెప్పుచున్నాడు. జాతకములు వ్రాయువారు, పెండ్లిసంబంధములు కుదుర్చువారు ఇట్టి కుండలీకరణమును వాడుక చేసినచో మన సంఘమున కెంత మేలు కలుగునో గదా!

ఇక పేర్లను దిద్దుకొనిన కథ. ఎక్సుకిరణముల చుక్కలలో కొన్ని ప్రకాశవంతములు, కొన్ని కనబడీ కనబడనివి. ఒక హద్దును నియమించి, దానికి మించిన చుక్కలను "చూడబడినవి" యనుట చిరకాలపు వాడుక. తొలి నిఘంటువు ఆ వాడుకనే స్వీకరించి, అట్టి చుక్కల లెక్కకు "అబ్జర్వుడ్" అను మాట గల పేరు పెట్టెను. కొంతకాలమునకు పెద్దలు ఆక్షేపించిరి. హద్దునకు దిగువనున్న చుక్కలను గూడ యంత్రము చూచినది, కొలిచినది. మందముగా నుండుట కూడ ఒక వార్తయే. వానిని చూడబడనివనుట అబద్ధము. కావున "హద్దునకు మించినవి" యని యర్థమిచ్చు క్రొత్తపేరు నియమించి, ఆ హద్దేదో చెప్పుటకు వేఱొక పేరును గల్పించిరి. ఇది పదములతోడి యాట యని తోచవచ్చును. అయితే వినుడు. చూచినదానిని చూడలేదనుట మన గృహములలోను సంఘములోను నెంత యలవాటైనదో! ఇంటిలో వెట్టిచాకిరి చేయు వితంతువును, వీధి నూడ్చువానిని మనము చూడనివారముగా నుందుము. వారు మన హద్దునకు దిగువనున్నవారు. ఆ హద్దును పెట్టినది మనమే యని యొప్పుకొనుటకు మాత్రము మనకు పేరు దొరకదు.

ఈ మార్పులో మఱియొక విశేషము గలదు. క్రొత్తపేరు వచ్చినంతనే పాతపేరును నిఘంటువునుండి కొట్టివేయలేదు. అది యచటనే యున్నది. "దీనికి బదులు ఫలానా పేరును వాడుడు" అను సూచనతో నున్నది. దాని యర్థమును సవరింపలేదు, విస్తరింపలేదు. 1992లో వ్రాసిన పత్రమును నేడు తెఱచువాడు ఆనాటి మాటను ఆనాటి యర్థముననే చదువవలెనని నియమము. సంస్కర్తలమని చెప్పుకొను మనలో గొందఱు ప్రాతమాటను నిలువున పాతిపెట్టుదురు. పూర్వాచారపరులు ప్రాతమాటకు రహస్యముగా క్రొత్తయర్థము జొనిపి "ఇది మొదటినుండియు నిట్లే యున్నది" యందురు. ఈ నిఘంటుకారులు రెండు పనులను చేయలేదు. తాతలు ఏమనిరో తాతల మాటలలోనే యుంచి, తాము వేఱుగా నందుమని ప్రక్కన వ్రాసిరి.

దీనికి ప్రతిపక్షము లేకపోలేదు, అది బలమైనదే. అర్థములను ముందే బిగించినచో క్రొత్తది వచ్చునపుడు దానికి చోటెక్కడ? 1982వ సంవత్సరము ఏప్రిలు నెలలో డాన్ షెక్ట్‌మన్ అను ఇజ్రాయేలు శాస్త్రజ్ఞుడు అమెరికాలో పని చేయుచు, అల్యూమినియము మాంగనీసు కలిసిన లోహములో పదింతల సౌష్ఠవము గల చుక్కల చిత్రమును చూచెను. ఒకే పెట్టె మఱల మఱల వచ్చి చోటు నింపునదే స్ఫటికమను నిర్వచనము ప్రకారము అట్టి సౌష్ఠవము అసంభవము. పాఠ్యపుస్తకము చదువుకొమ్మని యతనికి పుస్తకమిచ్చిరట, పరిశోధకబృందమునుండి వెడలిపొమ్మనిరి. రెండు నోబెలు బహుమానములు పొందిన లైనస్ పాలింగు తుదివఱకు ఆ సంగతి నంగీకరింపలేదు. తుద కేమైనది? 1992లో అంతర్జాతీయ సంఘమువారు స్ఫటికమను మాటకే నిర్వచనమును మార్చిరి. మఱల మఱల వచ్చు పెట్టె మాట విడిచి, స్పష్టములైన విడివిడి చుక్కలనిచ్చు ఘనపదార్థము స్ఫటికమనిరి. అవ్యాప్తిదోషము తొలగినది. 2011లో షెక్ట్‌మన్‌కు నోబెలు బహుమానము వచ్చెను. పది సంవత్సరముల యవమానమును ఆ బహుమానము తుడిచివేసినదా యన్నది వేఱు ప్రశ్న.

కనుక నిఘంటువు అధికారి పీఠముగా మారు ప్రమాదము నిజమైనదే. ఈ శాస్త్రజ్ఞులు దానికి చేసికొనిన ఏర్పాటు మాకు నచ్చినది. సర్వసమ్మతమైన నిఘంటువునందు లేని సంగతిని చెప్పదలచినవాడు తన సొంతపేరును కల్పించుకొనవచ్చును. అయితే తనదని తెలియునట్లు ముందుగా సంఘమువద్ద నమోదు చేసికొనిన ఒక యుపసర్గను ఆ పేరునకు మొదట చేర్చవలెను. తెలుగువారికి దీనిని వివరింపనక్కఱలేదు, అది యింటిపేరు. ఊరిలో పదిమంది రామయ్యలున్నను ఇంటిపేరు ముందుండుటచే తికమక లేదు. అట్లు పుట్టిన పేర్లలో పదిమందికి పనికివచ్చినవి కాలక్రమమున పెద్ద నిఘంటువులోనికి వచ్చుచుండును. పొడి స్ఫటికములకు, ప్రోటీనులకు, అలలవలె మార్పు చెందు నిర్మాణములకు, అయస్కాంతనిర్మాణములకు వేఱు వేఱు నిఘంటువులు ఏర్పడినవి. కొంత నష్టము లేకపోలేదు. స్ఫటికపు రంగును చెప్పుటకు నిఘంటువులో నొక పట్టిక గలదు: తెలుపు, నలుపు, ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ మున్నగునవి. మామిడిచిగురు వన్నెయు, వంగపండు చాయయు, నెమలికంఠపు రంగును అందులో లేవు. ఇష్టమైన మాటలలో రంగును వ్రాయుటకు వేఱు పేరు నుంచిరి గాని, యంత్రము వెదకునది పట్టికనే.

నిఘంటువు వలన అబద్ధము నశించునా? నశింపదు. 2010 సంవత్సరారంభమున ఈ శాస్త్రపు పత్రిక యొకటి చైనాలోని ఒక విశ్వవిద్యాలయమునకు చెందిన రెండు బృందములు ప్రకటించిన డెబ్బది నిర్మాణములను ఉపసంహరించుచున్నట్లు తెలిపెను. వారు ఒక నిజమైన కొలతల పట్టీని తీసికొని, ఒక పరమాణువు స్థానమున మఱియొకదానిని పెట్టి, క్రొత్త పదార్థములను కనుగొనినట్లు వ్రాసిరి. పత్రములన్నియు సిఫ్ పద్ధతిలో చక్కగా నుండెను. పేర్లన్నియు సరియైనవే, కొలమానములన్నియు సరియైనవే. చక్కని వ్యాకరణముతో ఆడిన అబద్ధములు! అయితే అవి పట్టుబడినదియు ఆ చక్కదనము వలననే. ప్రతి పత్రమును పరీక్షించు ప్రోగ్రాము గలదు. అది తప్పులను తీవ్రతనుబట్టి ఏ, బీ, సీ యని వర్గములుగా చూపును. ఏ వర్గపు ఆక్షేపణ వచ్చినచో గ్రంథకర్త కారణము చెప్పవలెను. ఆ సమాధానమును పత్రములోనే నిలుపుదురు. నేరము మోపుట లేదు, అడుగుట మాత్రమే. ఈ పరీక్షలను మెఱుగుపఱచి ప్రయోగించుచుండగా, వేఱు వేఱు పదార్థములవని చెప్పిన పత్రములలోని కొలతలు ఒకటే యని బయటపడెను. పేరులేని యంకెల కాలమున రెండు పత్రములను ఇట్లు ప్రక్కప్రక్కన పెట్టి చూచుటయే దుర్లభము. సత్యము చెప్పువాడు తన మాటను పరీక్షకు అనువైన రూపమున చెప్పవలెను. తాను తప్పినచో పట్టుబడుటకు వీలైన రూపమున చెప్పవలెను. గుండ్రముగా మాటలాడువాడు ఎన్నడును అబద్ధమాడకపోవచ్చును గాని, వాని మాటను ఎవ్వరును పరీక్షింపజాలరు. మేము వానిని సత్యవాదియని యనజాలము.

ఈ పద్ధతి వలన అపరిచితులకు కలిగిన మేలును కూడ చెప్పవలెను. ప్రోటీనుల నిక్షేపములోని పాతకార్డుల పద్ధతి 99,999 పరమాణువులకు మించి పట్టలేకపోయెను. వెంకట్రామన్ రామకృష్ణన్ మున్నగువారు 2009లో నోబెలు బహుమానము పొందిన రైబోజోము వంటి మహానిర్మాణములను ముక్కలు చేసి భద్రపఱుపవలసివచ్చెను. 2014లో ఆ నిక్షేపము సిఫ్ కుటుంబపు పద్ధతిని ప్రమాణముగా గైకొనెను. 2019 జూలై నుండి స్ఫటికపద్ధతిన తెలిసికొనిన నిర్మాణములకు అదియే తప్పనిసరి. ఆ మఱుసటి యేడు కరోనా మహమ్మారి వచ్చినది. చైనా శాస్త్రజ్ఞులు ఆ వైరసు యొక్క ముఖ్యమైన యొక ప్రోటీను నిర్మాణమును ఫిబ్రవరి 5వ తేదీననే లోకమునకు విడుదల చేసిరి. సరిహద్దులు మూసికొనుచున్న దినములలో వేఱు వేఱు ఖండములలోని ప్రయోగశాలలు ఆ యంకెలనందుకొని మందుల వేట మొదలుపెట్టినవి. "ఈ వరుస యేమి? ఏ కొలమానము?" అని చైనాకు ఉత్తరము వ్రాయవలసిన యవసరము ఎవ్వరికిని కలుగలేదు.

తగవు ఇంకను తీరలేదు. నిర్మాణము నిచ్చువారు దానికి మూలమైన చుక్కల కొలతలను గూడ ఇచ్చి తీరవలెనని ప్రోటీనుల నిక్షేపము 2008 ఫిబ్రవరి నుండి నియమించినది. ఆ కొలతలకు మూలమైన అసలు చిత్రములనే భద్రపఱుపవలెనా యని విచారించుటకు అంతర్జాతీయ సంఘము 2011లో ఒక బృందమును నియమించెను. చిత్రములను వర్ణించుటకు నిఘంటువు సిద్ధముగానే యున్నది. కాని చిత్రములు మిక్కిలి చోటు నాక్రమించును. వానిని దాచుటకు డబ్బు కావలెను, కాపాడుటకు మనుష్యులు కావలెను. కొందఱు తమంత తాముగా నిచ్చుచున్నారు. అందఱును ఈయవలెనను నియమము ఇంకను రాలేదు. నిలువువరుసలను తారుమాఱు చేసిన ఆ ప్రోగ్రాము పని చేసినది ఆ చిత్రములకును ప్రకటించిన అంకెలకును నడుమనున్న మెట్టులోనే.